పైన కొలిచిన రింగు

రేవుస్వామివారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. అది ఆయన అలవాటు. చింతపండులో గింజ తీయమనో, తులసిదళాలు ఏరమనో, ఇంత పత్తి చేతిలో పెట్టి వత్తులు చేయమనో అనేవారు. చేతులు ఖాళీగా ఉన్నవాడు సగమే వింటాడని, మిగతా సగంసేపు తను చెప్పబోయే మాట కూడబెట్టుకుంటూ ఉంటాడని ఆయన అనుభవం. ఆయన అసలు పేరేమిటో మాలో చాలామందికి తెలియదు. గోదావరి పాయ ఒడ్డున, పంటు ఆగే రేవుకు కూతవేటు దూరంలో వేణుగోపాలస్వామికి చిన్న మందిరం కట్టి, వచ్చినవారికి ఇంత అన్నం పెట్టి, సాయంత్రం నలుగురి చేతా నామం పలికించేవారు కాబట్టి రేవుస్వామి అయ్యారు. పంటు ఎక్కని పుణ్యాత్ములు మీలో ఉంటే వారి కోసం చెబుతున్నాను. రెండు పడవలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ గేదెల్నీ ఒకే విడతలో అవతలి ఒడ్డుకు దాటించే ఏర్పాటు అది. దానికో డీజిలు ఇంజను. ఆ ఇంజనుతోనే మనకిప్పుడు పని.

ఒక ఉదయం వైకుంఠం వచ్చి స్వామివారి ముందు కూర్చున్నాడు. వైకుంఠం మందిరం వ్యవహారాలన్నీ చూసుకునే శిష్యుడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ధాన్యం గోదాములు తనిఖీ చేసినవాడు. బస్తాలోకి ఇనుపగొట్టం గుచ్చి నాలుగు గింజలు బయటికి లాగి, ఆ నాలుగింటిని బట్టి బస్తా సంగతి తేల్చేవాడు. నిజాయితీపరుడు. చెయ్యి చాచి ఎరగడు, ఎవరికీ మినహాయింపు ఇచ్చీ ఎరగడు. అలాంటివాడి ముఖం ఆ రోజు వాడిపోయి ఉంది.

“స్వామీ, నేను చేసింది న్యాయమే. అందులో నాకు అనుమానం లేదు. అయినా నిన్నటి నుంచి ముద్ద గొంతు దిగడం లేదు. న్యాయం చేసినవాడికి ఈ బరువెందుకు?” అని అడిగాడు.

అతను చేసినదేమిటో మా అందరికీ తెలుసు. వంట పేరయ్యను ముందురోజే పంపించేశాడు. పేరయ్య వయసులో వైకుంఠం కన్నా పెద్ద. ఆయన నోటికి చిన్నా పెద్దా లేదు. వైకుంఠం వంటశాల గుమ్మంలో కనిపిస్తే చాలు, “ఒరే వైకుంఠం, ఊరికే నిలబడకపోతే ఆ పులుసు కలిపి పుణ్యం కట్టుకోరాదూ” అనేవాడు. ఆ చేతి పప్పు తిన్నవాళ్ళు స్వామి ప్రసాదాన్ని సగం మరిచిపోయేవారంటే, నా అపరాధం మన్నించాలి, అది అతిశయోక్తి కాదు.

వైకుంఠం తన పక్షం చెప్పుకొచ్చాడు. “ఆయన వంటకు వంక పెట్టను స్వామీ. నోరే. ద్వాదశి పారణకు జనం ఎంతలా వస్తారో మీకు తెలుసు. వంటవాడి ఓర్పు తెలిసేది అప్పుడే కదా అని, నేను పనిగట్టుకుని ఆ వేళకే వెళ్ళి చూస్తాను. మొన్న పంక్తిలో ఒక పెద్దాయన ఇంకాస్త కూర అడిగాడు. ‘కూర అయిపోయింది, నన్ను కోసి వడ్డించమంటావా’ అన్నాడు పేరయ్య. నేను వెళ్ళినప్పుడల్లా ఇదే వరస. ఆయనకు ముందు వచ్చినవాళ్ళూ ఇంతే. ఎందరిని మార్చానో. ఒక్కడూ కొలతకు సరిపోలేదు.”

తన మాటకు తనే బలం చేకూర్చుకుంటున్నట్టుగా మళ్ళీ అన్నాడు. “పైగా గొడవైనా పడలేదు స్వామీ. సంచీ సర్దుకున్నాడు. గడప దగ్గర నిలబడి, చేతులు జోడించి, ‘సెలవు తీసుకుంటాను వైకుంఠంగారూ’ అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను గారూ అనడం అదే మొదలు. ఎంత మర్యాదగా వెళ్ళాడో చూడండి. తప్పు తనదని తెలిసింది కాబట్టే కదా?”

స్వామివారు పక్కనున్న పళ్ళెంలోంచి పత్తి తీసి అతని ఒడిలో పెట్టి, “వత్తులు చెయ్యి నాయనా. కార్తీకానికి ఎన్నున్నా చాలవు” అన్నారు. అంతలో అవతలి ఒడ్డు నుంచి పంటు బయలుదేరిన చప్పుడు వినిపించింది. ఆయన అటు చెవి పెట్టి కొంతసేపు విని, “ఆ ఇంజను కథ నీకు తెలుసా?” అని అడిగారు. వైకుంఠానికి తెలియదు. నేనూ, మరో ఇద్దరు తల్లులూ ఆ వసారాలోనే బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాం. మాకూ తెలియదు. విన్నది విన్నట్టు చెబుతాను. స్వామివారి గొంతులోని నిదానం మాత్రం నా వల్ల కాదు, అది మీరే ఊహించుకోవాలి.

ఆ పంటు ఇంజనుకు మొదటి నుంచీ వైద్యం చేసినవాడు మెకానిక్ ధర్మారావు. అతనికి కామేశమని ఒక ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చినవాళ్ళు. ఆ తరువాత ధర్మారావు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని రేవుల వెంట, చేల వెంట తిరిగాడు. కామేశానికి నడుము పట్టు తప్పి, వంగే పని మానేసి, అవతలి ఒడ్డున బస్టాండు పక్కన స్పేరుపార్టుల కొట్టు పెట్టుకున్నాడు. పని వేరైనా మాట వేరు కాలేదు. “ఒరే కామేశం, నీ కొట్లో సామాను కన్నా తుప్పు ఎక్కువరా” అని ఇతననేవాడు. “ఒరే ధర్మం, నువ్వు బాగుచేసిన ఇంజను మన ఊరి ప్రెసిడెంటు లాంటిది, చప్పుడే గానీ కదలదు” అని అతననేవాడు. ఒరే అనకుండా వాళ్ళకు మాట మొదలయ్యేది కాదు. ధర్మారావు ఏ ఇంజను విప్పినా సామాను కామేశం కొట్టు నుంచి రావలసిందే. కామేశం ఇచ్చిన సామాను తిప్పి చూసుకునేవాడు కాదు. అంత నమ్మకం.

ఒక మాఘమాసంలో పంటు ఇంజను నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. నూనె తాగుతోంది, నది మధ్యకు వచ్చేసరికి ఆయాసపడుతోంది. తీర్థం దగ్గర పడింది. వేలంలో రేవు పాడుకున్న ఆసామి ధర్మారావు నెత్తిన కూర్చున్నాడు. ధర్మారావు ఇంజను పైకప్పు విప్పి, పిస్టన్ బయటికి లాగాడు. సిలిండరులో పైకీ కిందికీ ఆడే ఇనుప ముద్దే పిస్టన్. దాని ఒంటికి గాజుల్లా రింగులు తొడిగి ఉంటాయి. గాజుకు అతుకు కనపడదు. రింగుకు మాత్రం ఒకచోట కోత ఉంటుంది, రెండు కొసల మధ్య సన్నటి సందు ఉంటుంది. ఆ సందు మరీ ఎక్కువైతే మంట కిందికి జారుతుంది, నూనె పైకి ఎక్కుతుంది. మరీ తక్కువైతే, వేడికి ఇనుము సాగి, కొసలు ఒకదాన్నొకటి గుద్దుకుని, రింగు విరిగి సిలిండరు గోడను చీరేస్తుంది. అందుకని కొత్త రింగును పిస్టనుకు తొడిగే ముందు, దాన్నొక్కదాన్నే సిలిండరులో పెట్టి, ఆ సందులోకి పల్చటి ఉక్కు రేకులు దూర్చి కొలుస్తారు. ఇంత మందం రేకు బిగువుగా జారాలని లెక్క ఉంది. ఫీలర్ గేజి అంటారు ఆ రేకుల కట్టను. ధర్మారావుది వాళ్ళ మేస్త్రీ పోతూ పోతూ ఇచ్చినది. దాన్ని పూజాపీఠం మీద పెట్టుకునేవాడు, దసరాకు బొట్టు పెట్టేవాడు.

పాత రింగులు తీసి, విరిగిన రింగు ముక్కతోనే పిస్టను గాళ్ళలోని మసి గీకి, కిరోసినుతో కడిగి, ధర్మారావు కొత్త రింగును సిలిండరులో పెట్టాడు. రేకు దూర్చాడు. రేకు వదులుగా జారిపోయింది. దాని మీద ఇంకో రేకు కలిపాడు. అదీ జారిపోయింది. మిగతా రింగులన్నీ పెట్టి చూశాడు. అన్నీ అంతే. కామేశానికి కబురు చేశాడు. కామేశం వేరే పెట్టెలోంచి మరో జత తీసుకుని, నడుం పట్టుకుంటూ నావ ఎక్కి తనే వచ్చాడు. పంటు ఆగిపోయింది కదా, రేవు నిండా జనం. అందరి కళ్ళూ ఈ ఇద్దరి మీదే. స్వామివారు కూడా అక్కడే మెట్ల మీద కూర్చుని ఉన్నారట. రెండో జతా అంతే వదులు.

“ఒరే కామేశం, ఇది రింగా, చేతికి పెట్టుకునే ఉంగరమా?” అన్నాడు ధర్మారావు. ఆ మాటలో ఇంకా నవ్వు ఉంది.

“ఇవే రింగులు కింది రేవు లాంచీకి ఇచ్చాన్రా. శుభ్రంగా తిరుగుతోంది.”

“మరి ఇది చూడు. ఒక్క రేకు పట్టాల్సిన చోట మూడు కలిపి దూరిపోతున్నాయి.”

కామేశం కష్టపడి వంగి చూశాడు. రింగు సిలిండరు అంచుకు కాస్త దిగువనే ఉంది. “ఇంకొంచెం కిందికి తోసి చూడరా ధర్మం” అన్నాడు.

ఆ మాట మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్నా మెట్ల మీదివాళ్ళకు వినపడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తగిలింది ధర్మారావుకి. “నాకు కొలవడం నేర్పుతున్నావా?”

“నేర్పడం కాదురా, చూడమంటున్నా.”

“కొట్లో కూర్చుని గోళ్ళు తెల్లబడ్డాక నువ్వు నాకు చెప్పొచ్చావా? డూప్లికేట్ సరుకు తెచ్చి నా చేతికి అంటగట్టి, రేపు తీర్థం జనాన్ని నట్టేట ముంచుదామనుకున్నావా?”

కామేశం అతని ముఖంలోకి చూశాడు, ఇంకేమైనా అంటాడేమో, నవ్వేస్తాడేమో అని. ధర్మారావు నవ్వలేదు. కామేశం రింగులను ఒక్కొక్కటిగా మళ్ళీ నూనె కాగితంలో చుట్టుకున్నాడు. ఆఖరి రింగు అందుకోబోతుంటే ధర్మారావు లాక్కున్నాడు. “ఇది ఉండనీ. రేపెవరైనా అడిగితే చూపించడానికి సాక్ష్యం కావాలి.” కామేశం నావ ఎక్కాడు. కూర్చోవడానికి ఎవరో చెయ్యి అందిస్తే పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. రేవులో పుట్టిన మాట అతనికంటే ముందే ఆ ఒడ్డుకు చేరింది. వారం తిరక్కముందే బస్టాండులో అతన్ని డూప్లికేట్ కామేశం అనడం మొదలుపెట్టారు. కొట్టు ముందు ఆగే మోటారుసైకిళ్ళు రెండడుగులు ముందుకు జరిగి పక్క కొట్టు ముందు ఆగసాగాయి.

ధర్మారావు దూరపు ఊరి నుంచి ఒక సైజు పెద్ద రింగులు తెప్పించాడు. పెద్దవి కదా, కొసలు కలిసిపోతున్నాయి. ఆకురాయితో కొసలు కొంచెం కొంచెంగా అరగదీస్తూ, రేకు పెట్టి చూస్తూ, మళ్ళీ అరగదీస్తూ, అంచు దగ్గర కొలత కచ్చితంగా కుదిరేదాకా కూర్చున్నాడు. పనిలో లోపం లేదు. అంత ఓపికగా పని చేసేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. పిస్టను ఎక్కించి చేత్తో తిప్పితే కిందికి వచ్చినప్పుడు కొంచెం పట్టినట్టు అనిపించింది. కొత్త రింగులు, బిగువుగానే ఉంటాయిలే అనుకున్నాడు. ఇంజను అందుకుంది. పొగ లేదు. రేవు ఆసామి కొబ్బరికాయ కొట్టించాడు.

తీర్థం నాటి ఉదయం పంటు మీద కాలు పెట్టే చోటు లేదు. స్వామివారు వేణుగోపాలుడి ఉత్సవమూర్తిని ఒడిలో పెట్టుకుని ముందు బల్ల మీద కూర్చున్నారు. నది మధ్యకు వచ్చాక ఇంజను గొంతు మారింది. ఠప్ ఠప్ మని ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు. తరువాత ఒక కీచుమన్న మోత. ఆ తరువాత ఏమీ లేదు. నీటి చప్పుడు మాత్రమే. పంటు పక్కకు తిరిగి ప్రవాహం వెంట జారడం మొదలుపెట్టింది. పిల్లల్ని గట్టిగా పట్టుకున్న తల్లులు గోవిందా గోవిందా అంటుంటే, స్వామివారు మూర్తిని గుండెకు ఆనించుకుని, తండ్రీ నీ ఇష్టం అన్నారట. ఆ తండ్రి ఇష్టం వేరుగా ఉంది. మనం ఈ కథ చెప్పుకోవాలి కదా. కొంత దూరం కొట్టుకుపోయిన పంటు ఒక ఇసుకతిప్పకు తగిలి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. వలల పడవలవాళ్ళు వచ్చి జనాన్ని విడతలు విడతలుగా దాటించారు.

స్వామివారు మాత్రం ఆఖరి పడవ దాకా తిప్ప మీదే కూర్చున్నారు. ఎందుకంటే ధర్మారావు కదలలేదు. అతను అక్కడికక్కడే ఇంజను విప్పాడు. పిస్టను రావడానికి మొరాయించింది, చివరికి వచ్చింది. రింగు మూడు ముక్కలు. ముక్కల కొసలు గుద్దుకుని మెరుస్తున్నాయి. సిలిండరు గోడ అడుగుభాగంలో చీరుకుపోయింది, పైభాగంలో గీతే లేదు. అతను చాలాసేపు ఆ గోడనే చూశాడు. వేలు పెట్టి పైనుంచి కిందికి నెమ్మదిగా జరిపాడు. తరువాత సంచీలో చెయ్యి పెట్టి, సాక్ష్యానికని దాచిన కామేశం రింగును తీశాడు. దాన్ని సిలిండరులో పెట్టి, పిస్టను తలతో అలా అలా కిందికి తోశాడు. రింగు ఆడే దూరమంతా దాటించి, అట్టడుగుకు, చీరుకుపోని చోటుకు తోశాడు. ఒక్క రేకు తీసి దూర్చాడు. ఆ రేకు బిగువుగా, ఎలా జారాలని వాళ్ళ మేస్త్రీ నేర్పాడో అలా జారింది. రెండో రేకు దూరలేదు.

“ఏమైంది ధర్మం?” అని అడిగారు స్వామివారు.

“రింగు మంచిదే స్వామీ” అన్నాడు ధర్మారావు. రేకును కట్టలోకి మడిచి మళ్ళీ అన్నాడు. “మంట తగిలేది పైన. అరిగేదీ పైనే. అరిగిన చోట పెడితే ఏ రింగైనా వదులుగానే ఉంటుంది. మా మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు, అరగని చోట పెట్టి కొలవమని. ఈ మధ్య అన్నీ కొత్త లైనర్లు, అదే సిలిండరు లోపలి గొట్టాలు, పడుతున్నాయి. కొత్త గొట్టంలో పైనా కిందా ఒకటే కదా, పైన అయితే వెలుతురు బాగుంటుంది, వంగక్కర్లేదు. చెయ్యి అలా మరిగింది. కామేశానికి నడుం వంగదు స్వామీ. అయినా వంగి చూశాడు.”

ఆ మర్నాడే అతను కామేశం కొట్టుకు బయలుదేరాడు. ఒంటరిగా వెళ్ళలేక స్వామివారిని వెంట రమ్మన్నాడు. దారిపొడుగునా ఏమనాలో తనలో తను అనుకుంటూనే ఉన్నాడట. వాడు తిడతాడు, తిట్టించుకుంటాను, అవసరమైతే రెండు దెబ్బలు వేస్తాడు, వేయించుకుంటాను, తరువాత ఇద్దరం టీ తాగుతాం అని లెక్క వేసుకున్నాడు. కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి కామేశం లేచి నిలబడ్డాడు. స్వామివారికి నమస్కరించాడు. తరువాత ధర్మారావు వైపు తిరిగి, “రండి ధర్మారావుగారూ, కూర్చోండి” అన్నాడు.

ధర్మారావు కూర్చోలేదు. ఆ రింగును నూనె కాగితంలో చుట్టి తెచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, “ఒరే కామేశం, కిందికి తోసి చూశాన్రా. నీదే నిజం. నన్ను తిట్టరా” అన్నాడు.

“అయ్యో, ఎంతమాట. పనిలో పొరపాట్లు అందరికీ ఉంటాయండీ. టీ చెప్పమంటారా?”

“తిట్టరా నన్ను. రేవులో అందరి ముందూ అన్నాను, ఇక్కడ బస్టాండులో అందరి ముందూ తిట్టు.”

“మీకు కావలసింది లైనరు కదండీ, గొట్టమే మార్చాలి” అంటూ కామేశం మెల్లగా వంగి అడుగు అరలోంచి కొత్త లైనరు, దానికి సరిపడే రింగులు తీసి, దుమ్ము తుడిచి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. అన్నీ సరైన కొలతలవే. ధర ఎంత చెప్పాలో అంతే చెప్పాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ధర్మారావు రోడ్డు దాటి, బస్టాండు నీడలోకి వచ్చి, లైనరు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. “స్వామీ, వాడు నన్ను క్షమించేశాడు” అన్నాడు. ఆ మాట ఎవరైనా సంతోషంగా అంటారు. అతను అలా అనలేదు.

ధర్మారావు ఊరుకోలేదు. తీర్థం ముగిశాక రేవులో జనం నిండిన వేళ చూసి, మెట్ల మీద నిలబడి, తప్పు తనదని గొంతెత్తి చెప్పాడు. డూప్లికేట్ అన్న పేరు మెల్లగా మాసిపోయింది. మోటారుసైకిళ్ళు తిరిగి కామేశం కొట్టు ముందే ఆగసాగాయి. అన్నీ వెనకటిలాగే అయ్యాయి, ఆ ఒక్క పిలుపు తప్ప. ధర్మారావు ఇప్పటికీ చిన్న వాషరు కావాలన్నా నది దాటి ఆ కొట్టుకే వెళతాడు. తుప్పు గురించి ఏదో ఒక వెక్కిరింపు విసురుతాడు, తిరిగి ఒకటి వస్తుందేమోనని. “చిత్తమండీ, మంచి సరుకు రేపు వస్తుంది” అంటాడు కామేశం. వాషరు తీసుకుని వచ్చేస్తాడు ధర్మారావు.

ఒకసారి స్వామివారు కామేశాన్నే అడిగారట, ఇంకా కోపమా నాయనా అని. కామేశం కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ చెప్పిన మాటను, స్వామివారు అతని గొంతుతోనే మాకు చెప్పారు. “కోపమేం లేదు స్వామీ. వాడు వచ్చే దారిలో కనబడగానే, ఈ రోజు ఒరే అని పిలుద్దామనే అనుకుంటాను. గుమ్మంలోకి వచ్చేసరికి నోరు తిరగదు. నాకు మాత్రం అలా పిలుచుకోవడానికి ఇంకెవరున్నారు?”

స్వామివారు అక్కడితో ఆపేశారు. పంటు ఈ ఒడ్డుకు చేరినట్టుంది, ఇంజను చప్పుడు నెమ్మదించి ఆగిపోయింది. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మా చేతులు ఎప్పుడు ఆగాయో మాకే తెలియదు. వైకుంఠం ఒడిలో సగం పత్తి అలాగే ఉంది. వేళ్ళ మధ్య ఒక వత్తి సగం పేని ఉంది.

“ఇంజను సంగతి వేరు స్వామీ” అన్నాడతను చివరికి. “నేను పేరయ్యను ఒక్కసారి చూసి తేల్చలేదు. చాలాసార్లు చూశాను. ప్రతి ద్వాదశికీ వెళ్ళి చూశాను.”

“ద్వాదశికే చూశావా?”

“పారణ వేళకి. జనం మీదపడి ఉన్నప్పుడు, పొయ్యి ముందు...” అని వైకుంఠం ఆగిపోయాడు. వత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరితోనూ కాదన్నట్టుగా అన్నాడు. “మామూలు రోజుల్లో సాయంత్రం వేళ ఆయన వంటశాల కడుక్కుని, అరుగు మీద కూర్చుని, కుక్కలకు మిగిలిన అన్నం పెడుతూ నామం చెప్పుకునేవాడట. వీళ్ళంటుంటే విన్నాను. ఆ వేళప్పుడు నేనెప్పుడూ వెళ్ళలేదు.”

మాతో రాళ్ళు ఏరుతున్న తల్లుల్లో ఒకావిడ కొంగు కళ్ళకు అద్దుకుంది. వైకుంఠం లేచి నిలబడ్డాడు. పత్తి ఒడిలోంచి జారి కింద పడింది. “ఆయన వాళ్ళ అక్కగారి ఊరికి వెళ్ళి ఉంటాడు స్వామీ. అవతలి ఒడ్డు నుంచి ఒకటే బస్సు. ఈ పంటుకే వెళతాను. వెళ్ళి తప్పైపోయిందని చెప్పి తీసుకొస్తాను. వస్తాడు కదా స్వామీ? మంచి మనిషి. తప్పకుండా వస్తాడు.”

స్వామివారు కిందపడిన పత్తిని ఏరి పళ్ళెంలో వేశారు. సగం పేనిన వత్తిని అతని చేతిలోంచి తీసుకుని, తన వేళ్ళతో మిగతా సగం పేనారు. దాన్ని పళ్ళెంలో మిగతా వత్తుల పక్కన పెట్టారు. తరువాతే తలెత్తి చూశారు.

“వస్తాడు. వెళ్ళి తీసుకురా” అన్నారు. “వెళ్ళేటప్పుడు నిన్ను గారూ అన్నాడన్నావు కదూ, నాయనా?”